యూకేలో అద్దె ఇంటికి డబ్బు పంపే ముందు ఏజెంటు సభ్యత్వాలు సరిచూసుకోవడం ఎలా

మీ అబ్బాయికో అమ్మాయికో లెస్టర్‌లోనో గ్లాస్గోలోనో సీటు వచ్చింది, వీసా కూడా అయిపోయింది. ఇక ఇల్లు చూసుకోవాలి. వాట్సాప్‌లో ఒక ఏజెంటు గదుల ఫొటోలు పంపాడు. రేపటిలోగా అడ్వాన్సు పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు. ఆ డబ్బు ఇక్కడి మీ బ్యాంకు నుంచి విదేశీ ఖాతాలోకి పోతుంది. ఒకసారి పోయాక వెనక్కి రప్పించుకోవడం చాలా కష్టం. అందుకే పంపక ముందే ఆ ఏజెంటు ఎవరో తేల్చుకోవాలి. దానికి ఒక మధ్యాహ్నం చాలు, పైసా ఖర్చు లేదు. నెల్లూరులో కూర్చునే చేసుకోవచ్చు.

నేను నెల్లూరులో ఇళ్ళు అద్దెకు కుదిర్చే పని చేస్తాను. వేదాయపాలెం, మాగుంట లేఅవుట్, హరనాథపురం వైపు ఎక్కువ తిరుగుతుంటాను. మా అమ్మాయి గ్లాస్గోలో చదివేటప్పుడు అక్కడి ఏజెంట్ల పద్ధతి దగ్గరగా చూడాల్సి వచ్చింది. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళ ద్వారా కావలి, ఒంగోలు, కందుకూరు వాళ్ళు "అక్కా, ఈ ఏజెంటు సరైనవాడేనా, కాస్త చూసి చెప్పు" అని ఫోన్ చేస్తుంటారు. వాళ్ళకు ఫోన్లో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పాలి. మన దగ్గర అద్దె బ్రోకరుకు లైసెన్సంటూ ఏమీ లేదు. 2016లో వచ్చిన రెరా చట్టం ఏజెంట్లు రిజిస్టరు చేసుకోవాలంది. కానీ ఆ చట్టం లెక్కలో ఏజెంటంటే స్థలాలు, ఫ్లాట్లు అమ్మించేవాళ్ళు, కొనిపించేవాళ్ళు. ఇళ్ళు అద్దెకు ఇప్పించే నాలాంటివాళ్ళు అందులోకి రారు. నా దగ్గర ఉద్యం సర్టిఫికెట్ ఉంది. నాకో చిన్న వ్యాపారం ఉందని మాత్రమే అది చెబుతుంది, నన్ను నమ్మొచ్చో లేదో చెప్పదు. అందుకే మన ఊళ్ళో బ్రోకరు ఎవరి తాలూకు, ఎక్కడుంటాడు, ఇంతకు ముందు ఎవరికి ఇల్లు చూపించాడు అని విచారిస్తాం. యూకేలో ఉన్న మనిషి గురించి అలా విచారించే దారి మనకు లేదు. దానికి బదులు అక్కడ రిజిస్టర్లున్నాయి. పేరు కొడితే ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మన తల్లిదండ్రుల్లో చాలామందికి ఈ సంగతే తెలియదు. అది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

మొదట ఊరు చూడండి

యూకేలో నాలుగు దేశాలున్నాయి, అద్దె చట్టాలు దేనికవే. ఏజెంటును ఏమడగాలో ఊరిని బట్టి మారుతుంది. లండన్, లెస్టర్, కోవెంట్రీ, బర్మింగ్‌హామ్, మాంచెస్టర్ ఇంగ్లండ్‌లో ఉన్నాయి. గ్లాస్గో, ఎడిన్‌బరో, డండీ, అబర్డీన్ స్కాట్లాండ్‌వి. కార్డిఫ్, స్వాన్సీ వేల్స్‌వి. బెల్‌ఫాస్ట్ ఉత్తర ఐర్లాండ్‌ది.

స్కాట్లాండ్ అన్నిటికంటే సులువు. 2018 అక్టోబర్ 1 నుంచి అక్కడ అద్దె ఏజెంటుగా పని చేయాలంటే ప్రభుత్వ రిజిస్టర్‌లో పేరు ఉండి తీరాలి. లేకుండా చేస్తే నేరం. రిజిస్టరైన ఏజెంటుకు ఎల్.ఎ.ఆర్.ఎన్. అనే నాలుగు అక్షరాలతో మొదలయ్యే నంబరు ఇస్తారు. ఏజెంటును ఆ నంబరు అడిగి, స్కాట్లాండ్ ప్రభుత్వపు అద్దె ఏజెంట్ల రిజిస్టర్‌లో కొట్టి చూడండి. ఇంటి ఓనరు కూడా అక్కడి ఓనర్ల రిజిస్టర్‌లో ఉండాలి, ఆ నంబరు ప్రకటనలోనే కనిపించాలి. రెండు నంబర్లూ లేని ప్రకటన జోలికి పోవద్దు.

వేల్స్‌లో రెంట్ స్మార్ట్ వేల్స్ అనే ప్రభుత్వ వ్యవస్థ ఉంది. ఓనరు రిజిస్టరు కావాలి, ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఇద్దరినీ వాళ్ళ వెబ్‌సైటులో వెతకొచ్చు. ఉత్తర ఐర్లాండ్‌లో ఏజెంట్లకు ఇలాంటి లైసెన్సు లేదు, ఓనర్ల రిజిస్టర్ ఉంది.

మన పిల్లలు ఎక్కువగా పోయేది ఇంగ్లండ్‌కే. అక్కడ అద్దె ఏజెంటుకు లైసెన్సు లేదంటే చాలామంది నమ్మరు. కానీ నిజం. ఎవరైనా రేపు పొద్దున ఆఫీసు తెరిచి ఏజెంటునని బోర్డు పెట్టుకోవచ్చు. అయితే రెండు సభ్యత్వాలు మాత్రం చట్టం తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్ ఏజెంటు విషయంలో మీరు మొదట చూడాల్సినవి ఆ రెండే.

ఇంగ్లండ్‌లో తప్పనిసరి అయిన రెండు

ఒకటి ఫిర్యాదుల సంస్థలో సభ్యత్వం. 2014 అక్టోబర్ 1 నుంచి ప్రతి అద్దె ఏజెంటూ ప్రభుత్వం ఆమోదించిన ఫిర్యాదుల సంస్థలో చేరి ఉండాలి. అలాంటివి ఇప్పుడు రెండున్నాయి: ద ప్రాపర్టీ ఆంబుడ్స్‌మన్, ప్రాపర్టీ రిడ్రెస్. ఏదో ఒకదాంట్లో ఉంటే చాలు. చేరకపోతే అక్కడి కౌన్సిలు 5,000 పౌండ్ల దాకా జరిమానా వేయొచ్చు. "మీరు ఏ రిడ్రెస్ స్కీములో ఉన్నారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. నిజమైన ఏజెంటు వెంటనే పేరు చెబుతాడు. నసిగాడంటే అనుమానించండి.

రెండోది క్లయింట్ మనీ ప్రొటెక్షన్. అద్దెకు దిగేవాళ్ళ డబ్బు, ఓనరు డబ్బు ఏజెంటు చేతిలో ఉంటుంది కదా. ఆ ఏజెంటు డబ్బు వాడేసుకున్నా, దివాలా తీసినా, పారిపోయినా నష్టపోయినవాళ్ళకు స్కీము చెల్లిస్తుంది. దానికి పరిమితులు, షరతులు ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఇది 2019 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. ప్రాపర్టీమార్క్, రిక్స్, సేఫ్‌ఏజెంట్, క్లయింట్ మనీ ప్రొటెక్ట్, మనీ షీల్డ్ లాంటి సంస్థలు ఈ స్కీములు నడుపుతాయి. ఇందులో లేకుండా జనం డబ్బు పట్టుకుంటే జరిమానా 30,000 పౌండ్ల దాకా ఉంటుంది. సర్టిఫికెట్‌ను ఆఫీసులో గోడకు పెట్టాలి, వెబ్‌సైటులో ఉంచాలి, అడిగితే కాపీ ఇవ్వాలి. కాబట్టి మొహమాటపడకుండా అడగండి.

నా పనిలో నేను అడ్వాన్సు డబ్బు చేత్తో ముట్టను. అద్దెకు దిగేవాళ్ళ చేత నేరుగా ఓనరుకే ఇప్పించి, రశీదు రాయించి, నా కమీషను వేరుగా తీసుకుంటాను. డబ్బు మధ్యలో ఒకరి చేతిలో ఆగినప్పుడే గొడవలు మొదలవుతాయని ఈ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు. అందుకే ఈ రెండో సభ్యత్వం విలువ నాకు బాగా అర్థమైంది. ఇందులో ఒక మెలిక ఉంది, గమనించండి. డబ్బు పట్టుకోని ఏజెంటుకు ఈ స్కీము అక్కర్లేదు. కొందరు "నేను క్లయింట్ల డబ్బు ఉంచుకోను, నాకు సర్టిఫికెట్ అవసరం లేదు" అంటారు. ఆ మాట నిజమే కావొచ్చు. కానీ ఆ మాట చెప్పిన నోటితోనే అడ్వాన్సు తన ఖాతాకు వేయమన్నాడంటే అక్కడితో మాటలు ఆపేయండి.

స్కాట్లాండ్, వేల్స్ ఏజెంట్లకు కూడా ఈ రక్షణ ఉండాలి. అక్కడ అది రిజిస్టర్, లైసెన్సు నిబంధనల్లోనే కలిసి ఉంటుంది.

లోగోలు చాలా ఉంటాయి, అన్నిటికీ ఒకే విలువ లేదు

ఏజెంటు వెబ్‌సైటు అడుగున వరసగా లోగోలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఏజెంటు ఇష్టంతో, డబ్బు కట్టి, పరీక్షలు రాసి తెచ్చుకున్నవి. కొన్నిటికి ఏజెంటు నిజాయితీతో సంబంధమే ఉండదు.

ప్రాపర్టీమార్క్ మొదటి రకం. అద్దె ఏజెంట్ల కోసం 1981లో మొదలైన ఆర్లా అనే సంఘమే 2017 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. సభ్యులకు చదువు అర్హత ఉండాలి, ఏటా లెక్కలు తనిఖీ చేయించుకోవాలి, వృత్తిలో కొత్త విషయాలు నేర్చుకుంటూ ఉండాలి. తప్పు చేస్తే సంఘం విచారించి జరిమానా వేస్తుంది, సభ్యత్వం తీసేస్తుంది. సేఫ్‌ఏజెంట్ కూడా ఇలాంటిదే. రిక్స్ ఇంకా పాతది, 1868లో సర్వేయర్ల కోసం పుట్టింది. మనుషుల పేర్ల వెనక ఎం.ఆర్.ఐ.సి.ఎస్. అని కనిపిస్తే ఆ సంస్థ సభ్యుడని అర్థం. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. ఆఫీసులో ఒక మనిషికి వ్యక్తిగత సభ్యత్వం ఉండటం వేరు, ఆ కంపెనీ మొత్తం సంస్థ నియంత్రణలో ఉండటం వేరు. మీ డబ్బు పోయేది కంపెనీ ఖాతాకు, కాబట్టి కంపెనీ పేరు మీద వెతకండి.

ఈ ఐచ్ఛిక సభ్యత్వాలు లేనంత మాత్రాన ఏజెంటు దొంగ కాడు. తప్పనిసరివి రెండూ సరిగ్గా ఉండి, చిన్న ఆఫీసుతో పద్ధతిగా పని చేసుకునేవాళ్ళున్నారు. ఇద్దరు ఏజెంట్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే మాత్రం నేను ప్రాపర్టీమార్క్‌లోనో సేఫ్‌ఏజెంట్‌లోనో ఉన్నవాళ్ళ వైపే మొగ్గుతాను. అక్కర్లేకపోయినా తనిఖీకి ఒప్పుకున్నారంటే ఆ మనిషికి వృత్తి మీద గౌరవం ఉన్నట్టే.

ఇక రెండో రకం. రైట్‌మూవ్, జూప్లా ప్రకటనల సైట్లు, అక్కడ కనిపించడం అర్హత కిందికి రాదు. ఎన్.ఆర్.ఎల్.ఎ. ఇంటి ఓనర్ల సంఘం, ఏజెంట్లది కాదు. కంపెనీస్ హౌస్ నంబరు ఉందంటే కంపెనీ రిజిస్టరైందని మాత్రమే. కంపెనీ పెట్టడం అక్కడ చాలా తేలిక. డేటా రక్షణ రిజిస్ట్రేషన్ నంబరు చూపిస్తే అది చాలా వ్యాపారాలకు ఉండేదే.

లోగో నిజమైనా మనిషి నిజమైనవాడు కావాలని లేదు

మిగతా అన్నీ మరిచిపోయినా ఈ భాగం మాత్రం మరిచిపోవద్దు.

కావలి నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. కొడుక్కి లెస్టర్‌లో గది. ఏజెంటు పంపిన కాగితం మీద కంపెనీ పేరుంది, లోగో ఉంది, సభ్యత్వం నంబరు కూడా ఉంది. రిజిస్టర్‌లో వెతికితే ఆ కంపెనీ పేరు నిజంగానే దొరికింది. ఆయన సంతోషపడి "సరిపోయిందిగా అక్కా, ఇక పంపేస్తా" అన్నాడు. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబరూ, వాట్సాప్‌లో మాట్లాడుతున్న నంబరూ ఒకటేనా చూడమన్నాను. కాదు. రిజిస్టర్‌లోని నంబరుకు ఫోన్ చేయిస్తే, ఆ ఇల్లు తమ చేతిలో లేదని, ఆ పేరు గల మనిషి తమ దగ్గర పని చేయడం లేదని చెప్పారు. మంచి కంపెనీ పేరును ఎవడో వాడుకుంటున్నాడు. సభ్యత్వం నిజమే, మాట్లాడేవాడు మాత్రం దొంగ.

అందుకే సరిచూసే పద్ధతి ఇలా ఉండాలి. ఏజెంటు పంపిన లింకు నొక్కవద్దు, అది నకిలీ పేజీకి పోవచ్చు. సంస్థ పేరు మీరే కొట్టి, ప్రకటన అని రాసి ఉన్న ఫలితాలు వదిలేసి, అసలు సైటు తెరవండి. కంపెనీ పేరుతో, ఊరితో వెతకండి. దొరికిన చోట ఉన్న అడ్రసు, ఫోను, వెబ్‌సైటు కాగితం మీద రాసుకోండి. తర్వాత మీకు వచ్చిన ఈమెయిల్ అడ్రసును అక్షరం అక్షరం పోల్చండి. ఒక చిన్న గీత ఎక్కువ, ఒక అక్షరం తేడా, చివర డాట్ కో డాట్ యూకే బదులు ఇంకేదో. మోసమంతా అక్కడే ఉంటుంది. జీమెయిల్ నుంచి వస్తే మరీ జాగ్రత్త.

ఆ తర్వాత రిజిస్టర్‌లోని నంబరుకే ఫోన్ చేయండి. వాళ్ళ ఉదయం తొమ్మిది గంటలు మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. ఇంగ్లీషులో మాట్లాడటానికి ఇబ్బందైతే పిల్లలను కాన్ఫరెన్సులో పెట్టుకోండి. మూడు విషయాలు అడగాలి: ఈ అడ్రసులో ఇల్లు మీ దగ్గర ఉందా, ఈ పేరు గల మనిషి మీ ఉద్యోగేనా, డబ్బు పంపాల్సిన ఖాతా ఏ పేరు మీద ఉంది.

బోర్డు మీద పేరు, కంపెనీ అసలు పేరు ఒక్కోసారి వేరుగా ఉంటాయి. ఆ ఒక్క కారణంతో కంగారు పడొద్దు. క్లయింట్ మనీ సర్టిఫికెట్‌లో రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి, కంపెనీస్ హౌస్ సైటులో అసలు పేరు కొట్టండి, వెబ్‌సైటు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న పేరుతో పోల్చండి. ఇవన్నీ ఒకే కంపెనీని చూపించాలి. బ్యాంకు ఖాతా పేరు కూడా అదే కావాలి. మనిషి సొంత పేరు మీద ఖాతా ఇస్తే పంపవద్దు. యూకే ఇంటికి ఇంకో దేశపు బ్యాంకు ఖాతా ఇస్తే పంపవద్దు. మన బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపేటప్పుడు డబ్బు అందుకునేవాళ్ళ పేరు రాయాలి. ఆ గడి దగ్గర ఆగి, కాగితం మీద రాసుకున్న పేరుతో ఇంకోసారి పోల్చుకోండి.

ఎంత అడగొచ్చు

పద్ధతిగా పని చేసే ఏజెంటు చట్టానికి మించి అడగడు, కాబట్టి అంకెలు కూడా పరీక్షే. ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి అద్దెకు దిగేవాళ్ళ దగ్గర రిజిస్ట్రేషన్ ఫీజు, అగ్రిమెంటు ఫీజు, విచారణ ఫీజు తీసుకోవడం నిషేధం. మన దగ్గర అద్దెకు దిగేవాళ్ళు కూడా కమీషను ఇస్తారు, అక్కడ ఏజెంటు ఫీజు ఓనరే భరించాలి. ఇల్లు ఆపి ఉంచడానికి ఒక వారం అద్దె దాకా, డిపాజిట్‌గా ఐదు వారాల అద్దె దాకా తీసుకోవచ్చు. ఏడాది అద్దె 50,000 పౌండ్లు, లేదా అంతకు మించి ఉంటేనే ఆరు వారాలు. నెలకు 650 పౌండ్ల గది అనుకుందాం. పన్నెండుతో గుణించి 52తో భాగిస్తే వారానికి 150. ఆపి ఉంచడానికి 150, డిపాజిట్ 750 దాటకూడదు. స్కాట్లాండ్‌లో ఇల్లు ఆపి ఉంచడానికి డబ్బు తీసుకోకూడదు, డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు.

మన పిల్లలకు అక్కడ హామీ ఉండేవాళ్ళు లేరని ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం మామూలైపోయింది. 2025లో వచ్చిన అద్దెదారుల హక్కుల చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి ప్రైవేటు ఇళ్ళకు ఒక నెలకు మించి అద్దె ముందుగా తీసుకోకూడదు, అది కూడా అగ్రిమెంటు సంతకం అయ్యాకే. విద్యార్థుల కోసం కట్టిన పెద్ద హాస్టల్ భవనాలకు నిబంధనలు వేరు. వాటికైతే ఏజెంటు సభ్యత్వాల బదులు, ఆ భవనం, హాస్టళ్ళు పాటించాల్సిన నియమాల పట్టిక అయిన అనక్, యూనిపోల్ నేషనల్ కోడ్‌లో ఉందా అని చూడండి.

పాస్‌పోర్టు, షేర్ కోడ్ (వీసా వివరాలు ఆన్‌లైన్‌లో చూపించే కోడ్) అడిగితే భయపడొద్దు. అద్దెకు దిగేవాళ్ళ వీసా సరిచూడటం ఇంగ్లండ్‌లో చట్టం పెట్టిన బాధ్యత. ఏజెంటు ఎవరో తేలాకే ఆ కాగితాలు పంపండి.

తెలుగువాళ్ళ గ్రూపుల్లో "మా గదిలో ఒక బెడ్ ఖాళీ" అని వచ్చేవాటికి ఈ ఏజెంటు సభ్యత్వాల రక్షణ వర్తించదు, అక్కడ ఏజెంటే లేడు. మనవాడేనన్న నమ్మకంతో డబ్బు వేసేయకుండా, ఇంకొకరిని చేర్చుకోవడానికి ఓనరు ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా ఉందా అని అడగండి.

డబ్బు పంపాక

రిజిస్టర్ పేజీలు, సర్టిఫికెట్, చాట్ మొత్తం తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో డిపాజిట్ కట్టిన 30 రోజుల్లోగా, స్కాట్లాండ్‌లో అయితే అద్దె మొదలైన 30 పనిదినాల్లోగా, దాన్ని ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ స్కీములో పెట్టి వివరాలు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో అవి మూడు: డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్. నెల దాటినా కాగితం రాకపోతే మూడు సైట్లలోనూ పిల్లల వివరాలతో వెతికించండి. ఇంగ్లండ్‌లో పెట్టలేదని తేలితే కోర్టు డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల దాకా ఇప్పించగలదు.

ఏజెంటుతో గొడవ వస్తే మొదట రాతపూర్వకంగా ఆ కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, వాళ్ళు సభ్యులుగా ఉన్న ఫిర్యాదుల సంస్థకు పోవచ్చు. అద్దెకుండేవాళ్ళకు అది ఉచితం. 25,000 పౌండ్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం దానికి ఉంది. స్కాట్లాండ్‌లో అయితే ఇలాంటి గొడవలు విచారించే ఫస్ట్ టయర్ ట్రిబ్యునల్‌కు పోవాలి. డబ్బు పోయింది మోసగాడి చేతికని తెలిస్తే మాత్రం ఎనిమిది వారాల మాట లేదు. ఆ నిమిషమే మీ బ్యాంకు బ్రాంచికి పోయి పేమెంటు ఆపమని రాసివ్వండి, 1930 సైబర్ హెల్ప్‌లైనుకు ఫోన్ చేయండి, పిల్లల చేత యూకే పోలీసులకూ ఫిర్యాదు చేయించండి.